ఇంటిపేరు కోసేసిన ఒక్క లైను

ఉషారాణికి ఒకటే జబ్బు: పది లైన్ల పని ఒక్క లైన్లో తేల్చేయాలి. పెర్ల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాక అది ముదిరింది. 1998లో బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగువాళ్ళ రక్తదాతల జాబితాను, పక్కనే సిర్గిట్టిలో తను పనిచేసే కంప్యూటర్ సెంటర్లో ఆవిడే ఎక్కించింది. పేరు, రక్తం గ్రూపు, అంతే. చిరునామా దేనికి? ఇంటిపేరు అక్షరం చెబితే చాలు, ఏ క్వార్టరో ఎవరైనా చూపిస్తారు.

"పేరుకు ముందు ఈ కే, పీ క్యా హై?" అని ఆసుపత్రివాళ్ళు విసుక్కున్నారు. వాళ్ళ కాపీ కోసం పేర్ల వరుస మీద 'మ్యాప్' అనే ఆదేశం నడిపింది. అది ఒక్కో పేరూ అందుకుని, ముందక్షరం కోసి, కొత్త వరుస చేసి ఇస్తుంది. పాత వరుస పదిలంగా ఉందనుకుని దాన్నే ఫైల్లో దాచింది. మొదట పేర్లు రాసుకున్న చీటీలు చింపేసింది. తెలివంటే అదీ!

ఆ నెలలోనే వదిన కనకానికి కాన్పులో రక్తం ఆగలేదు. అన్న త్రినాథరావు సెంటరుకు పరుగెత్తుకొచ్చాడు.

"ఉషా, ఓ నెగటివ్ కావాలట. ఎవులికుందో బేగి సెప్పు!"

తెర మీద ఒక్కటే పేరు: బంగార్రాజు. ముందక్షరం లేదు. ఉషారాణికి అప్పుడర్థమైంది. మ్యాప్ అందుకున్నవి నకళ్ళు కావు, అసలు పేర్లే; కోత పాత వరుసకే పడింది. కాలనీలో బంగార్రాజులు ఆరుగురు.

"ఏ బంగార్రాజే?"

"అందరినీ పిలుద్దాం అన్నయ్యా." ఎందుకో చెప్పే ధైర్యం లేదు.

ఇద్దరూ చెరో సైకిలెక్కి తలుపులు బాదారు. ఐదుగురు దొరికారు. గ్రూపు గుర్తులేకపోయినా చొక్కా తగిలించుకుని వచ్చేశారు. పరీక్ష చేస్తే ఒక్కరిదీ కలవలేదు. ఆరోవాడు కర్గీ రోడ్ స్టేషన్లో డ్యూటీలో ఉన్నాడు. కబురందుకుని, దొరికిన గూడ్సు ఎక్కాడన్నారు.

రెండు గంటలు. ఆసుపత్రి వరండాలో నర్సు చెప్పుల చప్పుడైతే చాలు, ఉషారాణి లేచి నిలబడేది. వదిన పోతే చంపింది తనే. ఆ ముక్క ఎవరికీ తెలియదు, తనకు తప్ప.

బంగార్రాజు యూనిఫారంతోనే వచ్చి రక్తమివ్వడానికి మంచమెక్కాడు. చీకటి పడేలోగా కనకం కళ్ళు తెరిచింది.

త్రినాథరావు అందరి ముందూ చెల్లెలి చేతులు పట్టుకుని ఏడ్చేశాడు. "నీ లిస్టు నేకపోతే నా కనకం నాకు దక్కీది కాదే!"

నిజం నోటిదాకా వచ్చింది. ఉషారాణి మింగేసింది.