అరబ్బీ తిట్లు

నేను చెబుతుంటే రాయవే అమ్మలూ, మధ్యలో ప్రశ్నలు వేయకు.

మొన్న అమలాపురం బస్టాండులో కొత్తపేట బస్సు కోసం కూర్చున్నాను. ఎదురుగా టీవీలో సీరియల్ వస్తోంది. జమీందారు కోటలో ఏళ్ళ తరబడి కొరడా దెబ్బలు తిన్న హీరోయిన్, వాడు చచ్చాక వాడి కుర్చీలోనే కూర్చుని, అదే కొరడాతో పనిమనిషి వీపు చీరేస్తోంది.

“అన్ని దెబ్బలు తిన్న పిల్ల ఇలా కొడుతుందా అండీ? రాసినోళ్ళకి బుద్ధి లేదు,” అన్నాను పక్కావిడతో. ఎవరో తెలీదు, చిన్న కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

“కొడతాదండి మామ్మగారూ,” అని పైట తప్పించి చెయ్యి చూపించింది. మోచేతి పైన ఇస్త్రీపెట్టె వాత.

“కువైట్‌లో ఇంటిపనికెళ్తే మా మేడం పెట్టిందండి. ఎలాగో బయటపడి ఇంటికొచ్చేసేను. మొన్న పాలు పొంగిపోయాయని అట్లకాడ కాల్చి దీని కాలి మీద పెట్టేసేనండి. పెడుతుంటే నా నోట్లోంచి అరబ్బీ తిట్లొచ్చేయి. ఆవిడ తిట్లేనండి.”

“మరి ఇప్పుడెక్కడికమ్మా?”

“రాజోల్లో మా అమ్మ దగ్గర దీన్ని వదిలేద్దామనండి. నా దగ్గరుంటే చంపేస్తానేమో.”

“ఇంక పాలు పొంగనివ్వనమ్మా, నీ దగ్గరే ఉంటాను,” అంది పిల్ల.

ఆవిడ దాని తల నిమరబోయింది. చెయ్యి లేవగానే పిల్ల కళ్ళు మూసుకుని, మొహానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని సంచీ పట్టుకుంది.

రాజోలు బస్సొచ్చింది. ఆవిడ వెనక్కి చూడకుండా నడిచింది. పిల్ల కుంటుకుంటూ వెళ్ళి, ఆవిడ కొంగు పట్టుకునే బస్సెక్కింది.