మూడు పలకల జాగా

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దమనిషి ఎవరో గానీ, నేల వేయించి చూడు అనడం మరిచిపోయాడు. హనుమకొండలో మూడో అంతస్తులో ఉన్న మా ఫ్లాటుకు చెక్క నేల కావాలని పట్టుబట్టింది నేనే. కారణం మా అత్తమ్మ. నున్నటి టైల్స్ మీద పరిచిన కొత్తవాడ నేత దర్రీ కాలి కింద నుంచి జారిపోయి, ఆమె పడి, మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎనభై దాటిన మనిషి. అదే తుంటి విరిగి ఉంటే ఇంకేమన్నా ఉందా? చెక్క అయితే అంతగా జారదు, చలి మోకాళ్లకు ఎక్కదు అని ఎక్కడో చదివి, మా ఆయన్ను పది రోజులు సతాయించి ఒప్పించాను.

అత్తమ్మ మాత్రం వద్దనలేదు, సరే అనలేదు. ఆమె అరిస్తే నాకు భయం లేదు, తిరిగి అరుస్తాను. ఊరుకుంటేనే భయం.

నడిచి చూసుకుంటుందని షోరూముకు వెంట తీసుకుపోయాను. అమ్మే ఆయన ఓపికగా వివరించాడు. ఇది అచ్చంగా ఒకే కట్టె కాదు. కింద అడ్డంగా, నిలువుగా అతికించిన ప్లైవుడ్ పొరలు, పైన మాత్రం అసలు ఓక్ కట్టె. అందుకే మన ఎండలకు, వానలకు వంకర పోవడం తక్కువ. నాకు ముడులు లేని సన్న పలక నచ్చింది. అత్తమ్మకు చూపిద్దామని వెనక్కి తిరిగితే ఆమె లేదు.

నమూనాకు వేసిన నేల మీద వెల్లకిలా పడుకుని ఉంది. కొంగు తలచుట్టూ సర్దుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని, కళ్లు మూసుకుంది. అమ్మే ఆయన మాట సగంలో ఆగిపోయింది. అటు నుంచి వస్తున్న మొగుడూ పెళ్లాలు నిలబడిపోయి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, చెప్పులు విప్పారు. విప్పమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. "అత్తమ్మా" అని పిలిచాను. పలకలేదు. వంగి భుజం తట్టబోతుంటే, కళ్లు తెరవకుండానే అడిగింది.

"ఇది కింద నేలకు తగుల్తదా, బిడ్డా?"

"తగలదమ్మా," అన్నాడు అమ్మే ఆయన. "నడుమ మెత్తటి షీటు ఉంటది. దాని మీద తేలినట్టు ఉంటది పలక."

ఆమె వేలి కణుపుతో కొట్టి చూసింది. డొల్లగా మోగింది. "అయితే ఇది మంచమే," అంది లేస్తూ. "ఇల్లంత మంచం ఏపిస్తానవ్ నువ్వు."

మా దిక్కు, మనిషి పోయే ఘడియ వచ్చిందంటే మంచం మీద నుంచి నేల మీదికి దింపుతారు. మంచం మీద ప్రాణం పోగూడదు. మామయ్యకు ఆ భాగ్యం దక్కలేదు. దవాఖానలో గొట్టాల మధ్యనే పోయాడు. అది జరిగి తొమ్మిదేళ్లయినా ఆమె ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఆ రోజు ఆటోలో, రోడ్డు వైపు చూస్తూ, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.

"మీ మామ ఇనుప మంచం మీద పాయె గద. ఇంక దిగలేదు. కలలకు వస్తడు. కాళ్లు ఏలాడేసుకొని కూసుంటడు. నేల అందుతలేదే అంటడు. నాకు గా గతి పట్టియ్యకు."

నాకు ఒళ్లు మండింది. నేల కొనబోతే చావు ముచ్చటేమిటని ఇంటికి వచ్చేదాకా సణిగాను. నిజం చెప్పాలంటే మంట కాదు, భయం. ఆ రాత్రి మామయ్య కాళ్లే కళ్లలో మెదిలాయి.

రెండోసారి షోరూముకు పోయినప్పుడు ప్రశ్నలన్నీ ఆమెవే. "జిగురు పెట్టి అతికిస్తరా?" రెండు రకాలున్నాయన్నాడు ఆయన. జిగురుతో నేలకు అతికించేది ఒకటి, ఒక పలక అంచును ఇంకో పలకలో బిగించేది ఒకటి. "బిగిచ్చింది మళ్ల ఊడదియ్యొస్తదా?" వస్తుందన్నాడు. "మనిషి పట్టేటంత జాగ కావాలంటె ఎన్ని తియ్యాలె?"

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. టేపు తీసి కొలిచాడు. సన్నవి అయితే ఆరు. ఏడున్నర అంగుళాల వెడల్పువి అయితే మూడు.

"గవ్వే ఎయ్యురి," అంది అత్తమ్మ. "ఆరు తియ్యాలంటె పిల్ల పరేషాన్ అయితది."

పిల్ల అంటే నేను. మా ఇంటి వెడల్పు పలకలు అలా ఖాయమయ్యాయి. వచ్చిన వాళ్లందరూ ఎంత దర్జాగా ఉన్నాయో అంటారు. మీ సెలక్షనేనా అని నన్ను అడుగుతారు.

పలకలు కిటికీ వెలుతురు పడే వైపుకు పరవాలని మేస్త్రీ అన్నాడు. ఆమె గదిలో మాత్రం ఉత్తర దక్షిణాలుగా వేయించుకుంది, తల దక్షిణానికి రావాలి కదా. గోడ పక్కన మూడు పలకల అతుకులు, మూడూ తీస్తే మనిషి పట్టే జాగా అయ్యేలా, ఒకే వరుసలో పెట్టమంది. అట్లా పెట్టగూడదమ్మా అని గొణుక్కుంటూనే పెట్టాడు. గోడ అంచు పట్టీ ఎలా ఊడదీయాలో, ఇనుప కొక్కెంతో పలకను ఎలా లేపాలో నాకు నేర్పించేదాకా ఆమె అతన్ని వదల్లేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. వారం తర్వాత, అన్నం తిన్నాక, "ఒక్కపారి తీసి సూపెట్టు" అంది. తీశాను, ఇరవై నిమిషాలు పట్టింది. షీటు మడిచాక కింద మా పాత టైల్స్ బయటపడ్డాయి. ఆమె మెల్లగా దిగి ఆ సందులో పడుకుంది.

"ఇది మాత్రం నేలనా, అత్తమ్మా? కిందింటోళ్ల కప్పు," అన్నాను ఉక్రోషంగా.

"కప్పు గోడ మీద ఉంటది. గోడ మట్టిల ఉంటది. పలకకు గా దారి లేదు," అంది.

అప్పటి నుంచి వారానికి ఒకటి రెండుసార్లు, పగటిపూట, మాకు అదొక పని అయింది. ఆమె గోడ గడియారం చూసేది, నేను పలకలు తీసేదాన్ని. పదిహేను నిమిషాలు, పది, చివరికి ఏడు. ఆమె పడుకుని కళ్లు మూసుకునేది. నేను పక్కన కూర్చుని ఆమె ఛాతీ వైపు చూసేదాన్ని. కొన్నిసార్లు ఎంతసేపటికీ కదిలేది కాదు. పిలిచినా పలికేది కాదు. తర్వాత లేచి, చీర దులుపుకుని, "చాయ్ పెట్టు" అనేది.

"గంతసేపు నా పానం ఆగుతదంటవా?" అని ఒకరోజు అడిగింది.

"ఆగక ఏం చేస్తది? ఈ ఇంట్ల నా మాట ఇనని పానం ఉన్నదా?" అన్నాను. చాలాసేపు నవ్వింది.

ఒకరోజు కింది ఫ్లాటు ఆమె మెట్ల దగ్గర ఆపింది. "మీ ఇంట్ల పగటీలి ఏం జరుపుతున్నరక్కా? మనిషిని పండవెట్టినట్టు సప్పుడైతాంది. నిన్న గూడ అయింది." నిన్న మేమంతా పెళ్లికని రఘునాథపల్లి పోయాం, ఇంటికి తాళం ఉంది. ఎండకు కట్టె చిటపటమంటుందని చెప్పి వచ్చేశాను. అత్తమ్మకు చెబితే ఆశ్చర్యపోలేదు.

"మీ మామ కొలుసుకుంటాండు కావచ్చు," అంది.

ఆ వానాకాలం ఆమెకు జ్వరం పట్టుకుంది. దవాఖానకు తీసుకుపోతే ఒట్టే అంది. మా ఆయన పని మీద తొర్రూరు పోయిన రోజున, పొద్దున పదింటికి ఆమె శ్వాస మారింది. గొంతులో గరగర మొదలైంది. నా వైపు చూసింది, పలకల వైపు చూసింది. చెయ్యి లేపి మూడు వేళ్లు చూపింది.

ఆయనకు ఫోన్ చేశాను. కొక్కెం తెచ్చుకున్నాను. గోడ పట్టీ ఊడదీశాను. అక్కడ నా చేతులు ఆగిపోయాయి.

అన్నిసార్లూ ఆమె లేచి చాయ్ అడిగింది. ఈసారి దింపితే అడగదు. పలకలు వాటి చోట ఉన్నంతసేపూ ఆమె ఎక్కడికీ పోదని నా బుద్ధికి తోచింది. పిచ్చి లెక్క అని తెలుసు, అయినా కదల్లేకపోయాను. "ఆయన రానియ్యి అత్తమ్మా," అన్నాను. మంచం దగ్గరికి పోయి చెయ్యి పట్టుకున్నాను. ఆమె నన్ను తిట్టలేదు. మళ్లీ మూడు వేళ్లు చూపలేదు. పలకల వైపే చూస్తూ ఉంది. దుప్పటి కింద కాలివేళ్లు మాత్రం కదులుతున్నాయి, దేన్నో వెతుకుతున్నట్టు. ఎంతోసేపటికి అవి ఆగిపోయాయి.

అప్పుడు లేచి మూడు పలకలూ తీశాను. ఒక్కదాన్నే ఆమెను ఎత్తుకుని ఆ సందులో పడుకోబెట్టాను, తల దక్షిణానికి. మా ఆయన వచ్చేసరికి అన్నీ పద్ధతిగా ఉన్నాయి.

చుట్టాలు గుమ్మంలోనే అడిగారు. "టైముకు దింపినవా, బిడ్డా?"

"దింపిన," అన్నాను.

కడుపున పుట్టిన బిడ్డ కూడా ఇంత చెయ్యదన్నారు. మా ఆయన గోడకు ఆనుకుని కూర్చుని, "అమ్మకు ఉన్న ఫికర్ గదొక్కటే. తీర్చినవ్," అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. మూడు పలకలు తీయడానికి నా చేతులకు ఏడు నిమిషాలు చాలు. ఆమె గంటకు పైగా ఎదురుచూసింది.