ఊరికి పోయినవాడి పెట్టె

నా చిన్నప్పుడు ఒక వానాకాలం తాపీ నది పొంగి, మేం వలసొచ్చి బతుకుతున్న సలాబత్‌పురాలోని మగ్గాల షెడ్డులోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. మా తాత అక్కడ మరమగ్గాలు బాగుచేసే మిస్త్రీ. నీళ్లు దిగిపోయిన మర్నాడు బురదలోంచి రెండు పనిముట్ల పెట్టెలు బయటికి లాగాడు. ఒకటి ఆయనది. రెండోది ఊరికి పోయిన తోటి మిస్త్రీది.

తాత ముందు ఆ రెండో పెట్టె తెరిచాడు. మనవి తుప్పు పడతాయి కదా అని గొణిగాను. "మనం ఈడనే ఉన్నం. వాడు లేడు గదరా" అన్నాడు.

తొందరగా అయిపోవాలని నేను తడి పానాకే నూనె పూశాను. తాత నవ్వాడు. "ఏందిరా, పెండ్లిపిల్లగాన్ని చేస్తున్నవా? వానికి నూనె ముందు, నీళ్లు తర్వాత. పానాకు నీళ్లు ముందు, ఆరినంకనే నూనె. లేకుంటే పైకి మెరుస్తది, లోపల తుప్పు తింటది." బురద కడిగించి, ఎండబెట్టించి, కిరోసిన్‌లో నానేసి సందుసందూ తోమించాడు. మా పెట్టె వంతు సాయంత్రానికి వచ్చింది. తాత ఆకురాయి మీద తుప్పు మచ్చ చివరిదాకా పోలేదు.

ఇంత తెలిసిన నేను, అరవై దాటాక, కరోనా ఏడాదిలో ఏం చేశానో చెప్పాలి. లాక్‌డౌన్‌లో ఊరికి నడిచి బయల్దేరిన నా జోడీ మిస్త్రీ తన పెట్టె నా గదిలో పెట్టాడు. "జర చూస్కో అన్నా. గివి ఉంటెనే నాకు పని." వానలకు వాగు పొంగి డిండోలిలో మా గది మునిగింది. నా పానాలు ఆ రోజే శుభ్రం చేసుకున్నాను. అతని పెట్టె మూత తీయలేదు. అతను వస్తున్నానని ఫోన్ చేశాక, తుప్పు మీదే నూనె పూశాను.

వచ్చి స్క్రూపానా తిప్పి చూశాడు. తిరగలేదు. "నీయి గూడ గిట్లనే అయినయా అన్నా?"

అవునన్నాను. నా వెనక గోడకు నా పానాలు తళతళలాడుతున్నాయి. అతను గోడ వంక చూశాడు. నావి తీసుకొమ్మని నేను అనలేదు.

పానాలు లేని మిస్త్రీని ఏ షెడ్డూ పెట్టుకోలేదు. బట్టల మార్కెట్‌లో మూటలు మోయడానికి చేరాడు. ఆ తర్వాత నెల రోజులు కూర్చుని, తాత చేయించినట్టే అన్నీ తోమాను. స్క్రూపానా ఇప్పుడు వేలితో తిప్పినా తిరుగుతుంది. తీసుకుపొమ్మని కబురు పంపితే "నీ దగ్గరనే ఉండనీయ్ అన్నా" అన్నాడట.

ఉంది. వాన మొదలవగానే ముందు అతని పెట్టెనే అటకెక్కిస్తాను. నాది తర్వాత.