చిలక ఈకల కొబ్బరిచెట్లు

గన్నవరం దగ్గర గోదావరి పాయ మీదుగా కాలువను దాటించే వంతెన కట్టే రోజులవి. మా మామగారు పడవలు చేసే వడ్రంగి. కట్టబోయే వంతెనకు చెక్కతో చిన్న నమూనా చేసిపెట్టమని ఆ పని చేయిస్తున్న ఇంజనీరు దొరగారు ఆయనకు పురమాయించారు. కమానులు, గట్లు ఆయన చెక్కారు. గట్ల మీద జానెడైనా లేని కొబ్బరిచెట్లు నిలబెట్టే పని, వేళ్లు సన్నమని, కోడలినైన నాకు అప్పగించారు.

ఈనెపుల్లలకు పీచు చుట్టి మానులు చేశాను. తాటాకును సన్నగా చీల్చి, పచ్చరంగు అద్ది మట్టలు చేశాను. చేసినంతసేపూ ముచ్చటగానే ఉంది. పని చూడడానికి వచ్చిన ఓవర్సీరుగారు మాత్రం మొహం చిట్లించారు.

"ఇవేం చెట్లండీ? ఎండుగడ్డిలా ఉన్నాయి. దొరగారికి అచ్చం చెట్టులాగే ఉండాలండి."

మర్నాడు ఆయన నౌకరు ఒక గోనెసంచి తెచ్చి మా అరుగు మీద బోర్లించాడు. అన్నీ చచ్చిన రామచిలకలు. కొన్నింటి కళ్లు తెరిచే ఉన్నాయి. కొన్నింటికి అప్పటికే చీమలు పట్టాయి.

"ఈకకి మధ్యలో ఈనె ఉంటది కదండీ. అచ్చం కొబ్బరిమట్టేనండి," అన్నాడు గొప్పగా.

నిజమే, అచ్చం అలాగే ఉంది. అందుకే నాకు మరీ అసహ్యం వేసింది.

రెండు రోజులు ఈకలు పీకుతూ, మానులకు మట్టలుగా గుచ్చుతూ కూర్చున్నాను. మొదళ్లకు అంటుకుని చర్మం ముక్కలు ఊడివచ్చేవి. సన్నటి పురుగులు నా మోచేతుల దాకా పాకేవి. కుంకుడు రసంతో ఎన్నిసార్లు కడుక్కున్నా కంపు వదల్లేదు. అన్నం కలిపితే ముద్ద నోటిదాకా వెళ్లలేదు. మూడో రోజు మామగారితో చెప్పేశాను.

"నావల్ల కాదండి మావయ్యగారూ. నా చేతులు చూసుకుంటేనే వాంతొస్తోందండి."

తిడతారనుకున్నాను.

"ఆయ్, నాకూ అసహ్యంగానే ఉందమ్మా. ఓవర్సీరుగారికి ఎదురు చెప్పలేకపోయేను," అన్నారు.

మిగిలిన పిట్టలను ఆయనే పెరట్లో గొయ్యి తీసి పాతిపెట్టారు. దాంతో నమూనాలో ఒక గట్టున ఈకల చెట్లు, రెండో గట్టున నా తాటాకు చెట్లు నిలిచాయి.

దొరగారు వచ్చారు. కమానుల కింద కర్ర పెట్టి కొలుచుకున్నారు. ఏ చెట్టు దేనితో చేశామో చూడనే లేదు. కొలతకు అడ్డొచ్చాయని ఈకల చెట్లను గుప్పిటితో పెరికి ఓవర్సీరుగారికి అందించారు. ఆయన వాటిని రెండు చేతులా పుచ్చుకుని, "చిత్తం, చిత్తం" అంటూ పళ్లికిలించారు.

ఆ నవ్వు చూసేసరికి నాకు పిట్టల కంపు కంటే ఎక్కువ రోత పుట్టింది. పెరట్లోకి పరుగెత్తి డోకుకున్నాను.