అరబ్బీ అంకెల గడియారం

ఎడమ రొమ్ము తీసేశాక కీమో, కీమో అయ్యాక రేడియేషన్. ఒక సంవత్సరంలో ఎక్కువ భాగం హైదరాబాదులోనే గడిచిపోయింది. అన్నీ ముగించుకుని ఆర్మూరు వచ్చిన రోజు మా అత్తమ్మ నన్ను గుమ్మంలోనే నిలబెట్టి దిష్టి తీసింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. "గండం గడిచింది, ఇగ ఫికర్ లేదు" అన్నారు. తలూపాను. వాళ్ళు వెళ్ళిపోయాక మా ఆయన నా ముఖంలోకి చూసి, "ఏందే, సంతోషం లేదా నీకు?" అని అడిగాడు.

"ఉన్నది" అన్నాను.

ఆయన అడిగాడు కాబట్టి చెప్పాను. లోపల వెతికితే ఏమీ కనిపించలేదు. సంతోషం లేదు, భయం లేదు, ఏడుపూ లేదు. జుట్టు రాలినప్పుడు కూడా దువ్వెన కడిగి పక్కన పెట్టినట్టే అనిపించింది నాకు.

ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు కూడా తీశారు. అప్పటి నుంచి ఎడమ జబ్బ లోపలి వైపు, చంక నుంచి దాదాపు మోచేయి దాకా స్పర్శ లేదు. సబ్బు రుద్దుకుంటుంటే ఇంకెవరి చేతికో రుద్దుతున్నట్టు ఉంటుంది. ఆ చేతికి సూది వేయించుకోవద్దు, బీపీ పట్టీ కట్టించుకోవద్దు, బిగుతుగా ఏదీ తొడగొద్దు, వాపు వస్తుంది అని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్‌కు ముందు తీసిన బంగారు గాజులు బీరువాలోనే ఉండిపోయాయి. కుడి చేతికి నాలుగు మట్టిగాజులు, ఎడమ చేయి ఖాళీ. పేరంటాలకు వెళితే ఆడవాళ్ళ చూపు ముందు ఆ చేతి మీదికే పోయేది. ఏమీ అనేవాళ్ళు కాదు. నేనే వెళ్ళడం మానేశాను.

మాది పసుపు అడ్తి దుకాణం. రైతులు తెచ్చిన పసుపును వ్యాపారులకు అమ్మిపెట్టి కమీషన్ తీసుకోవడం మా పని. నేను వచ్చేనాటికి సీజన్ మొదలైంది. ఇంట్లో ఉంటే గోడ చూస్తూ కూర్చుంటున్నానని మా ఆయన నన్ను రోజూ దుకాణానికి తీసుకుపోసాగాడు. లోపల ఒక కుర్చీ వేసి, ఫ్యాను నా వైపు తిప్పేవాడు. కీమో తర్వాత నాకు వాసనలు, రుచులు సరిగా తెలియడం లేదు. చుట్టూ బస్తాలు, గాలిలో పసుపు దుమ్ము, నా చీర కుచ్చిళ్ళ మీద, తల మీద కప్పుకున్న రుమాలు మీద కూడా అదే. అయినా ముక్కుకు ఏమీ అందేది కాదు. మంచినీళ్ళు, టీ, పసుపు, అన్నీ ఒకటే.

ఒకరోజు మధ్యాహ్నం కమ్మర్‌పల్లి వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. యాభై దాటినవాడు. గల్ఫ్‌లో ఇరవై రెండేళ్ళు ఒకే ఇంట్లో డ్రైవరుగా చేసి, తిరిగొచ్చి, రెండేళ్ళుగా పసుపు వేస్తున్నాడట. బేరం తేలడానికి చాలాసేపు పట్టింది. మా ఆయన ఫోనులో ఎవరితోనో మాట్లాడుతుంటే అతను నాకు ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. నేను మాత్ర వేసుకోవలసిన వేళయిందేమోనని, "టైమెంతయింది?" అని అడిగాను.

అతను చెప్పకుండా చెయ్యి చాపి చూపించాడు. ముదురు ఆకుపచ్చ ముఖం ఉన్న గడియారం. తమలపాకు మీద నీళ్ళు చల్లితే వచ్చే రంగు. దాని మీద బంగారు రంగులో అంకెలు, కానీ అవి నాకు తెలిసిన అంకెలు కావు. ఒకటి మాత్రం మన ఒకటిలాగే ఉంది. ఒకచోట చిన్న చుక్క, ఒకచోట గుండ్రం, ఒకచోట తలకిందులు చేసిన కొడవలి లాంటిది. ముళ్ళు ఎక్కడున్నాయో కనిపిస్తూనే ఉన్నాయి. అయినా నేను టైము చూడటం మరిచిపోయి ఆ అంకెల్నే చూస్తూ ఉండిపోయాను.

"అరబ్బీ అంకెలమ్మా" అన్నాడతను నవ్వుతూ. "మూడు కొట్టి పది నిమిషాలయింది."

ఏడాదిగా నా చుట్టూ అంకెలే. రక్తంలో కణాలు ఎన్ని, ఎన్నో కీమో, గడ్డ ఎన్ని సెంటీమీటర్లు, ఎన్నో దశ. ప్రతి కాగితం మీదా నా పేరు పక్కన ఒక అంకె. అవన్నీ నేను చదవగలిగినవే. వీటిని చదవలేకపోవడం హాయిగా అనిపించింది. హాయి అనే మాట పెద్దదేమో. చూపు తిప్పుకోబుద్ధి కాలేదు, అంతే.

"అమ్ముతవా?" అని అడిగాను. అడిగింది నేనేనా అనిపించింది.

అతను ఆశ్చర్యపోలేదు. "గిరాకీ దొరికితే అమ్ముదామనే ఉన్న. పసుపు ఉడకబెట్టే బాయిలర్ కొనాలె. కానీ గిది అసలు స్విస్ మాల్ అంటే మా ఊళ్ళ ఎవ్వడు నమ్మడు. నకిలీది అని నవ్వుతరు. మా కఫీల్ ఇచ్చిండు, నేను పని బంద్ జేసి వచ్చేటప్పుడు." కఫీల్ అంటే అక్కడ వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ మా ఆయనతో చెప్పాను.

"గా గడియారమా?" అన్నాడు. "మగోళ్ళది గదనే. పైగా చదవనీకి రాదు. బంగారం చేపిస్త అంటే వద్దంటివి."

"బంగారం వద్దు. గిది కావాలె."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నేను ఏదైనా కావాలని అడిగి ఎంత కాలమైందో ఇద్దరికీ గుర్తులేదు. "సరే, ముందుగాల అసలుదో నకిలీదో చూపిద్దాం" అన్నాడు.

రెండు రోజుల తర్వాత ఆ రైతును కూడా కారులో ఎక్కించుకుని నిజామాబాదులో గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. చిన్న దుకాణం, ఒక్క బల్ల. ఆయన కంటికి అద్దం బిగించుకుని వెనక మూత తిప్పి తీశాడు. లోపల చిన్న చిన్న చక్రాలు కదులుతున్నాయి. మూత మళ్ళీ బిగించి, మా ఆయన వైపు చూసి, "అస్లీ మాల్ సేటూ. డయల్ గూడ అస్లీదే, ఎవ్వరు రంగు వెయ్యలే. గొలుసు మాత్రం తర్వాత మార్చినట్టున్నది. రోజు పెట్టుకోవాలె, చెయ్యి కదిలితేనే నడుస్తది. ఎవరికి?" అన్నాడు.

"నాకే" అన్నాను.

గొలుసులో రెండు లింకులు తీస్తానని ఆయన నా ఎడమ చేయి అడిగాడు. నేను కుడి చేయి ఇచ్చాను.

"కుడి చేతికి అయితే కీ ఇచ్చే ముక్క మోచేతి దిక్కు పడ్తది బేటీ, తిప్పనీకి కష్టం. ఎడమకు పెట్టుకో."

"ఎడమకు పెట్టొద్దు. ఆపరేషన్ అయింది."

తెలియని మనిషికి ఆ మాట చెప్పడం అదే మొదటిసారి. ఏం ఆపరేషన్ అని ఆయన అడగలేదు. నా కుడి మణికట్టు కొలత దారంతో తీసుకుని, "అయితే జర వదులు పెడ్త, తిప్పనీకి వస్తది" అని పనిలో పడ్డాడు. మా ఆయన బయటికి వెళ్ళి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు కదలడం చూశాను. వెళ్ళి పక్కన నిలబడాలని తెలుసు. నిలబడ్డాను కూడా.

ధర మాట్లాడుకోవడానికి ఆదివారం నాడు ఆ రైతు భార్యను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మగవాళ్ళిద్దరూ ముందు గదిలో కూర్చున్నారు. ఆమె నాతోపాటు వంటింట్లోకి వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. చిన్నప్పటి నుంచీ బీడీలు చుడుతోందట, ఇప్పటికీ మానలేదట. టీ పెడతానంటే నన్ను జరిపి తనే స్టవ్ ముందు నిలబడింది.

"మీ ఆయనకు గడియారం ఇయ్యాలంటే మనసు కష్టమైతుందేమో" అన్నాను.

"ఆయనకైతది" అంది, గిన్నెలోకి చూస్తూ. "నాకు గాదు. నాకు గది ఎన్నడు మంచిగనిపియ్యలే అక్కా."

టీ పొంగబోతే మంట తగ్గించింది.

"పని బంద్ జేసి వచ్చేటప్పుడు ఇచ్చిండ్రని చెప్పిండు గదా మీకు? గట్ల గాదు. మాకు పెద్దబిడ్డ ఉండె. మూడేండ్లది. జరమొచ్చి నాలుగు దినాలల్ల పోయింది. గా కఫీల్ ఆయనను పంపలే. పాస్‌పోర్టు వాళ్ళ తాన్నే ఉండె. ఆర్నెల్లకు పంపిండ్రు. పంపేటప్పుడు చేతికి గిది పెట్టిండ్రు. ఆయన ఇంట్లకు రాంగనే నా కండ్లు ముందుగాల గడియారం మీదనే పడ్డయి. గప్పటికెళ్ళి చూస్తనే ఉన్న."

నేను స్టవ్ పక్కన గట్టును పట్టుకుని నిలబడ్డాను. జబ్బుకు ముందు నేనైతే ఆ మాటకు ఆమె కన్నా ముందు ఏడ్చేదాన్ని. ఏమీ రాలేదు. సిగ్గేసింది, అదీ ఎక్కడో దూరం నుంచి.

"నీకు ఇష్టం లేకపోతే కొనను" అన్నాను.

"అయ్యో, నువ్వు తీస్కో అక్కా. నా కండ్ల ముంగట లేకుంటే సాలు. ఆయన చెడ్డోడు గాదు. ఎవరన్న అడిగితే బిడ్డ ముచ్చట చెప్పలేక గట్ల చెప్తడు."

కప్పులు అందుకోబోతుంటే ఆమె నా చేతుల్ని చూసింది. "నీ ఎడమ చెయ్యి గట్ల బోసిగున్నదేంది?" అంది. ఎవరూ నా ముఖం మీద అడగని మాట. ఆమె సూటిగా అడిగింది, నేనూ అలాగే చెప్పాను. రొమ్ము తీసిన సంగతి, గాజులు వద్దన్న సంగతి, జబ్బ లోపల స్పర్శ పోయిన సంగతి.

"ఎక్కడ?"

చూపించాను. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని, బొటనవేలి గోరుతో నా జబ్బ మీద నొక్కింది. "గీడ తెలుస్తదా?"

"తెల్వది."

"గీడ?"

"తెల్వది."

మోచేయి దగ్గరికి వచ్చాక, "ఆ, గీడ తెలుస్తంది" అన్నాను. ఆమె తన కుడి చేతి వేళ్ళు నా ముందు చాపింది. కొసలు గట్టిపడి, నునుపుగా, గోధుమ రంగులో ఉన్నాయి. "నాకు గీ రెండు వేళ్ళకు ఏం తెల్వది. ఆకు చుట్టి చుట్టి. సల్ల అయినా వేడి అయినా ఒకటే. నువ్వు గిచ్చి చూడు."

గిచ్చాను. ఆమె నా ముఖంలోకి చూస్తూ, "ఇంకా గట్టిగ" అంది. ఇంకా గట్టిగా గిచ్చాను. "ఊఁహూ" అంది. ముందు గదిలోంచి మా ఆయన టీ ఏదని కేకేశాడు. టీ చల్లారిపోయింది. మళ్ళీ కాచి తీసుకుపోయాం.

వెళ్ళే ముందు అతను గడియారం జేబులోంచి తీసి తనే నా చేతిలో పెట్టబోయాడు. భార్య మధ్యలో అందుకుని నా కుడి మణికట్టుకు తనే తొడిగింది. కొక్కెం వేయడం తెలియక రెండుసార్లు జారింది. అతను ఒక చీటీ మీద ఒకటి నుంచి పన్నెండు దాకా అరబ్బీలో రాసి, పక్కన మన అంకెలు వేసి ఇచ్చాడు. చేతి మీద గడియారం ఉన్నచోట తెల్లటి గీత పడి ఉంది. దాన్ని ఇంకో చేత్తో రుద్దుకుంటూ మెట్లు దిగాడు. ఆమె ముందు నడిచింది.

గడియారం కొన్నందుకు నాలో ఏమైనా మారిందా అంటే, ఆ ఎండాకాలం అంతా ఏమీ మారలేదు. పొద్దున పెట్టుకునేదాన్ని, రాత్రి తీసేదాన్ని. వారంలో అంకెలు వచ్చేశాయి. వచ్చాక కొంచెం వెలితిగా అనిపించింది. మా అత్తమ్మ మొదట్లో "మొగోని లెక్క" అని గొణిగినా, తర్వాత తన బీపీ మాత్ర వేళ నన్నే అడగడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళ చూపు ఇప్పుడు ముందు కుడి చేతి మీద పడుతోంది. అసలుదేనా, ఎంత అని అడిగేవాళ్ళు. అడగడానికి వాళ్ళకు ఏదో ఒకటి దొరికింది, నాకు చెప్పడానికి దొరికింది.

వానలు మొదలయ్యాక ఆరు నెలల పరీక్షకు హైదరాబాదు వెళ్ళాలి. మా ఆయనకు జ్వరం. వాయిదా వేద్దామంటే నేనే వద్దని, తెల్లవారుజాము బస్సుకు ఒక్కదాన్నే బయల్దేరాను. స్కానింగు ముందు ఒంటి మీద లోహం ఏదీ ఉండొద్దని పుస్తెలతాడు, చెవులవి, గడియారం తీయించారు. పుస్తెలు, చెవులవి సంచిలో వేసుకున్నాను. గడియారాన్ని అక్కడి ప్లాస్టిక్ ట్రేలో పెట్టిన గుర్తు. మధ్యాహ్నం డాక్టరమ్మ బొమ్మలన్నీ చూసి, "ఏమీ లేదమ్మా, బాగుంది. మళ్ళీ ఆరు నెలలకు రండి" అంది. థాంక్స్ చెప్పి బయటికి వచ్చాను. మెట్ల మీద కాసేపు నిలబడ్డాను, ఏమైనా అనిపిస్తుందేమోనని. అనిపించలేదు. ఆటో ఎక్కి బస్‌స్టేషన్‌కు పొమ్మన్నాను.

సగం దారిలో టైము చూద్దామని చెయ్యెత్తితే మణికట్టు ఖాళీగా ఉంది.

నా నోట్లోంచి అరుపు వచ్చింది. ఆటో అతను భయపడి బ్రేకు వేశాడు. "వెనక్కి పోనియ్యి, జల్ది" అన్నాను. ఆసుపత్రి గేటు ముందు దిగి పరుగెత్తాను. రేడియేషన్ తర్వాత నేను మెట్లు కూడా ఆగి ఆగి ఎక్కే మనిషిని. కొంగు జారిపోతోంది, రుమాలు ఎక్కడో పడిపోయింది, పొట్టి జుట్టు అందరికీ కనిపిస్తోంది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. బీడీలు చుట్టే ఆ మనిషి ముఖం, నేను ఎన్నడూ చూడని ఆ బిడ్డ ముఖం, మా ఆయన భుజాలు, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి.

స్కానింగు గది బయట కూర్చునే అమ్మాయి నన్ను చూడగానే సొరుగు లాగింది. "మీదేనా ఆంటీ? ట్రేలనే మర్చిపోయిన్రు. ఫోన్ చేద్దామనుకుంటున్న."

ఆకుపచ్చ ముఖం కనిపించింది. నేను బల్ల పట్టుకుని అక్కడే కింద కూర్చుండిపోయి ఏడ్చాను. చిన్న ఏడుపు కాదు. ఆ అమ్మాయి కంగారుపడి నీళ్ళు తెచ్చింది. "దొరికింది గదా ఆంటీ, ఎందుకేడుస్తున్రు? రిపోర్టు గిట్ల ఏమన్న వచ్చిందా?" అంటూ వీపు నిమిరింది. కాదన్నట్టు చెయ్యి ఊపాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. గడియారం చేతిలోనే ఉంది, చూడలేదు.

బయటికి వచ్చి మా ఆయనకు ఫోన్ చేశాను.

"గడియారం పోయిందనుకున్న" అన్నాను. "దొరికింది."

"ఎట్ల పోయింది? సరే గని, డాక్టరమ్మ ఏమన్నది?"

"మంచిగనే ఉందట."

అవతల ముక్కు చీదిన చప్పుడు. "గది ముందుగాల చెప్పాలె గదనే" అన్నాడు.

"పొద్దటికెళ్ళి ఏం తినలే. ఆకలైతంది" అన్నాను.

బస్‌స్టేషన్‌లో నాలుగు ఇడ్లీలు తిన్నాను. సాంబారు కొంచెం పుల్లగా ఉంది. కిటికీ పక్కన సీటు దొరికింది. కామారెడ్డి వచ్చేదాకా వాన చూస్తూ కూర్చుని, తర్వాత నిద్రపోయాను.