పస్తు పెట్టే చెయ్యి

తమిళనాడు ధర్మపురి బజారులో పెరుమాళ్ చెట్టి నాటుమందుల అంగడి నుంచి పారేసిన సరుకును ఎవరూ చూడలేదు. పుచ్చిన శొంఠి పొడి అయ్యేది. బూజు పట్టిన వేర్లు కాస్త ఎండ చూసి మళ్ళీ మూటలో చేరేవి. బొమ్మిడి వైపు నుంచి వచ్చే బిళ్ళగన్నేరు వేర్లను అతను బెంగుళూరు మందుల కంపెనీకి పంపేవాడు. వాటి నుంచి రక్తపోటుకు మందు తీస్తారు.

ఎనభై ఆరులో వేర్లు సరిగా రాలేదు. ఇల్లటపు అల్లుడు పళనిస్వామి వృక్షశాస్త్రం చదివినవాడు. మొక్కే అక్కర్లేదన్నాడు. ఆకు ముక్క నుంచి కణాలను సీసాల్లో పెంచితే అవే మందు చేస్తాయన్నాడు. చెట్టి మూటల గది ఖాళీ చేసి ఇచ్చాడు.

పళనిస్వామి మంచి మనిషి. పెళ్ళయిన నాటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ అతనికి వద్దని చెప్పలేదు. అతనూ కణాలకు చెప్పలేదు. కణాలు పెరిగే జెల్లీలో ఎరువు ఉప్పులు దండిగా కలిపాడు. లేత పసుపు ముద్దలు సీసాల నిండా పొంగాయి.

కంపెనీ మనిషి పరీక్షించి, మందు చుక్క కూడా లేదన్నాడు. జూలై నడుమ మొదలయ్యే ఆడి మాసంలో మళ్ళీ వస్తానన్నాడు. అప్పుడూ లేకపోతే గది మూటలకు, అల్లుడు తరాజు దగ్గరికి అని చెట్టి తేల్చేశాడు.

“బాగా తిని ఊరికే ఉండాయా?” అన్నాడు, అల్లుణ్ణే చూస్తూ.

“కష్టం వస్తేనే మందు చేస్తాయి మామా. ఉప్పులు తగ్గించాల. చంపిన బూజు రవంత తగిలించాల. రోగం వచ్చిందని భయపడి చేస్తాయి.”

“మరి చేయలేదేమప్పా?”

“ఇంత బాగా పెరుగుతా ఉండాయి కదా. పాపం అనిపించింది.”



“బూజు దుడ్డు పెట్టి కొనాల్నా?”

“లేదు మామా.”

“మన గోడౌన్లో కావలసినంత ఉండాది. కుక్కర్ తే.”

ఆనాటి నుంచి ఉప్పు డబ్బాల తాళంచెవి చెట్టి మొలతాడుకు చేరింది. సగం సీసాలు తనవన్నాడు. అల్లుడు చిటికెడు చెబితే అర చిటికెడు వేశాడు. బూజు వేర్లను కుక్కర్లో ఉడికించి, స్పిరిట్ దీపం పక్కన కూర్చుని, ఆ నీళ్ళను తీర్థంలాగా ఒక్కో చుక్కే వదిలాడు. అతని సీసాల్లో ముద్దలు ఎదగడం మాని గోధుమ రంగుకు తిరిగాయి. పళనిస్వామి తన సీసాలను గోడ వైపుకు జరిపాడు.

ఆడిలో కంపెనీ మనిషి రెండు రకాలూ తీసుకెళ్ళి, వారం తర్వాత వచ్చి చెట్టి చెయ్యి పట్టుకున్నాడు. గోధుమ రంగు ముద్దల్లో మందుంది.

“చావనివ్వకుండా, బతకనివ్వకుండా ఇంత సరిగ్గా పెట్టడం మా వాళ్ళకు చేతకాలేదండీ. ఎక్కడ నేర్చుకున్నారు?”

చెట్టి సిగ్గుపడ్డాడు. “ముప్పై ఏండ్లుగా పనివాళ్ళను పెట్టుకొని ఉండాను సార్.”

గది నిలిచింది. గది తాళంచెవి కూడా మొలతాడుకు చేరింది. పళనిస్వామి తరాజు దగ్గర కూర్చున్నాడు. బేరాలు లేని ఒక మధ్యాహ్నం మెల్లగా అడిగాడు.

“మామా, ఒక్కసారి లోపలికి పోయి చూసి వస్తాను.”

“వద్దప్పా. నిన్ను చూస్తే వాటికి ధైర్యం వస్తుంది.”