దిగని దుమ్ము

నీళ్ల అడుగున పేరుకునే మట్టి గురించి, మనిషి దాన్ని పాడుచేసే తీరు గురించి దేశదేశాల సైంటిస్టులు కూడిన సదస్సు అది. మా మార్కాపురం పక్క చెరువు మట్టి మీద పరిశోధన చేసి, నేనూ మాట్లాడటానికి పోయినాను.

చెరువు అడుగు నుంచి గొట్టంతో తీసిన మట్టిని తెర మీద చూపించినాను. ఎర్రమట్టి మధ్యలో బూడిదరంగు చార ఉంది. "ఇది రాతి పలకల ఫ్యాక్టరీల దుమ్ము. వానకు కొట్టుకొచ్చి అడుక్కు దిగింది" అన్నాను.

"మరి దిగకుండా గాలిలో ఉండిపోయిన దుమ్ము ఏమైంది?" ముందు వరసలో ఒక విదేశీ పెద్దాయన అడిగినాడు.

"దాన్ని నేను కొలవలేదు" అని మైకు పెట్టేసి వచ్చినాను. ఏంది కొలిచేది?

నాయన అట్లాంటి ఫ్యాక్టరీలోనే పలకలు కోసేవాడు. బెల్లం తింటే గొంతులో దుమ్ము కడుపులోకి దిగిపోతుందని మా వీధంతా నమ్మేది. నాయన పని నుంచి రాంగానే అమ్మ మంచినీళ్ల కంటే ముందు బెల్లం ముక్క చేతిలో పెట్టేది. దగ్గు ఎక్కువయ్యేకొద్దీ ముక్క పెద్దదయింది. ఆస్పత్రికి పోదామని నేను అరిస్తే, "రేపు ఇంకొంచెం తింటాలేరా" అనేవాడు. చివరికి తీసుకుపోతే, ఊపిరితిత్తుల నిండా దుమ్మేనని డాక్టరు చెప్పినాడు.

నాయన్ను సమాధి చేసి ఇంటికొచ్చేసరికి, దండెం మీది ఆయన చొక్కా జేబుకు చీమలు పట్టి ఉన్నాయి. అమ్మ జేబులో చెయ్యి పెట్టి బెల్లం ముక్క బయటికి తీసింది.

"చూడురా, తినకుండా దాచిపెట్టినాడు" అని గుండెలు బాదుకుంది. "ఇది తినింటే బతికేవాడు."